లెక్క అడిగినవాళ్లు, లెక్క తేలాక మిగిలినవాళ్లు

1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామంలో పంచాయతీ కాగితాలను ఊరందరి ముందు బిగ్గరగా చదివారు. ఏ పనికి ఎవరెవరు ఎన్ని రోజులు వచ్చినట్టు మస్టర్లో రాసుందో, ఏ కట్టడానికి ఎంత ఖర్చయినట్టు బిల్లులో ఉందో వినిపించారు. పేరు వినబడినవాళ్లు లేచి, ఆ పనికి వెళ్లిందీ లేనిదీ, చేతికి ఎంత వచ్చిందీ చెప్పారు. పట్వారీ కోసం కట్టిన భవనం పూర్తయిందని కాగితం చెబుతోంది. దానికి కప్పు లేదు, తలుపుల్లేవు. ఆ సంగతి తేల్చడానికి ఇంజనీరు అక్కర్లేకపోయింది. అక్కడ కూర్చున్నవాళ్లంతా ఆ గోడల పక్కనుంచి రోజూ నడిచేవాళ్లే.

ఈ సభను ఏర్పాటు చేసింది మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, పొట్టిగా ఎంకేఎస్‌ఎస్. కోట్ కిరానా తర్వాత డిసెంబరు 7న భీమ్‌లో, 17న విజయపురలో, 1995 జనవరి 7న జవాజాలో, ఏప్రిల్ 25న థానాలో ఇలాంటి సభలే జరిగాయి. నాలుగు జిల్లాలు, అయిదు సభలు, అయిదు నెలల లోపు. సమాచార హక్కు చట్టం చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే మొదలుపెడతారు. నేను ఇక్కడ వెతికింది వేరు. ఏ పార్టీలోనూ చేరని, లాభాపేక్ష లేని, కూలీలూ చిన్న రైతులూ సభ్యులుగా ఉన్న ఒక రాజకీయ సంస్థను నడిపినవాళ్లు కచ్చితంగా ఏ పని చేశారు? అందులో ఏ భాగాన్ని ఇంకొకరు నేర్చుకుని ఇంకోచోట చేయగలిగారు, ఏ భాగాన్ని చేయలేకపోయారు? రెండో ప్రశ్నకు జవాబు వెతకాల్సిన చోటు రాజస్థాన్ కాదు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఈ సంస్థ పద్ధతిని ఒక రాష్ట్ర ప్రభుత్వం తన సొంత యంత్రాంగంలోకి తీసుకుని, ఊరూరా అమలు చేసి, ఫలితాలను లెక్కల్లో రాసిపెట్టింది మన దగ్గరే.

దేవ్‌డుంగ్రీలో నలుగురు

1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్, ఆయన భార్య అన్షీ రాజస్థాన్‌లోని దేవ్‌డుంగ్రీ గ్రామంలో ఒక మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. ఆ ప్రాంతం ఇప్పటి రాజ్‌సమంద్ జిల్లాలో ఉంది. అరుణ చెన్నైలో 1946లో పుట్టారు, 1968లో ఐఏఎస్‌లో చేరారు, ఏడెనిమిదేళ్ల లోపే ఉద్యోగం వదిలేసి తిలోనియాలోని సాంఘిక సేవా సంస్థలో పనిచేశారు. 1983లో అక్కడినుంచీ బయటికి వచ్చారు. నిఖిల్ అమెరికాలో చదువు మధ్యలో ఆపి వచ్చిన యువకుడు. శంకర్ ఆ ప్రాంతం మనిషి. పాట, బొమ్మలాట, వీధి నాటకం ఆయన చేతిలో పనిముట్లు. సమాచార హక్కు కథ అరుణ పేరు చుట్టూ అల్లుకుపోయింది గాని, ఈ నలుగురి పొందిక చూడకుండా సంస్థ అర్థం కాదు. ఒకరికి ప్రభుత్వ కాగితం భాష తెలుసు. మరొకరికి దాన్ని ఊరి భాషలోకి మార్చి, నవ్వించి, గుర్తుండిపోయేలా చెప్పడం తెలుసు. రెండోది లేకపోతే మొదటిది ఢిల్లీ సెమినార్లకే పనికొచ్చేది.

మొదటి పోరాటాలు సమాచారం కోసం కావు. సోహన్‌గఢ్‌లో భూమి కోసం, దాడీ రపట్‌లో కూలి కోసం. కరువు పనుల్లో చట్టం చెప్పిన కనీస వేతనం ఒకటి, చేతికి వచ్చేది దానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: మీరు పని సరిగ్గా చేయలేదు, కొలత పుస్తకంలో అలాగే ఉంది. ఆ పుస్తకం చూపించమంటే, అది ప్రభుత్వ రహస్యం. కూలి కోసం మొదలైన గొడవ కాగితం దగ్గర ఆగిందన్న మాట. 1990 మే 1న భీమ్‌లో సంస్థ ఏర్పడింది. అదే ఏడాది, మళ్లీ 1991లో కనీస వేతనం కోసం నిరాహార దీక్షలు చేశారు. వాటితో దక్కింది తక్కువ. అయితే నాలుగేళ్ల తర్వాత కోట్ కిరానాలో మస్టరు చదవాలన్న ఆలోచన ఆ ఓటములనుంచే పుట్టిందని సంస్థ రాసుకున్న చరిత్ర చెబుతుంది. పరిశోధకులు రాబ్ జెంకిన్స్, ఆన్ మేరీ గోట్జ్ 1999లో ప్రచురించిన పరిశీలనలో ఒక సంగతి బలంగా కనిపిస్తుంది: అప్పటిదాకా భావప్రకటన స్వేచ్ఛతో, పత్రికలతో ముడిపడిన సమాచార హక్కును వీళ్లు కూలి డబ్బుతో, రేషన్‌తో ముడిపెట్టారు.

నాయకుల జీవన విధానం గురించి కాస్త చెప్పాలి. ఇది భక్తితో చెప్పుకునే సంగతిగా మారిపోయింది కాబట్టి దాన్ని ఆధారంగా మాత్రమే చూద్దాం. ఎంకేఎస్‌ఎస్ విదేశీ నిధులు తీసుకోదు, సంస్థల గ్రాంట్లు తీసుకోదు. వ్యక్తులిచ్చే చందాలతో నడుస్తుంది. పూర్తికాలం పనిచేసేవాళ్లు కనీస వేతనానికి సమానమైన మొత్తమే తీసుకుంటారు. తమ జమాఖర్చులను అందరికీ కనబడేలా పెడతారు. భీమ్‌లో తక్కువ లాభానికి సరుకులమ్మే కిరాణా దుకాణం కూడా నడిపారు, ధరలు బోర్డు మీద రాసి. పంచాయతీ లెక్క అడిగినప్పుడల్లా సర్పంచు మొదట విసిరే ఎదురు ప్రశ్న "మీ లెక్క ఏది?" అన్నదే. దానికి జవాబు ముందే సిద్ధంగా ఉండటం పోరాటంలో పనికొచ్చింది. అయితే దీన్నిబట్టి పేదగా బతికే నాయకులే నిజమైన నాయకులని సూత్రం కట్టలేం. గ్రాంటు తీసుకోని సంస్థకు గ్రాంటు ఆపేస్తామని బెదిరించే మార్గం లేదు. ఆధారం ఇంతవరకే తీసుకెళుతుంది, కానీ ఇది చిన్న విషయం కాదు.

నలభై రోజులు, యాభై మూడు రోజులు

1995 ఏప్రిల్‌లో అప్పటి ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ శాసనసభలో ఒక మాట ఇచ్చారు. స్థానిక అభివృద్ధి పనుల కాగితాల నకళ్లు రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చని. దైనిక్ నవజ్యోతి పత్రిక దాన్ని మొదటి పేజీలో వేసింది. ఏడాది గడిచినా ఉత్తర్వు రాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో ధర్నా మొదలైంది. నలభై రోజులు సాగింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ధాన్యం తెచ్చిచ్చారు, పట్టణంలో కూరగాయల వర్తకులు కూరలిచ్చారు, కార్మిక సంఘాలు తోడు నిలిచాయి. జనసత్తా సంపాదకుడు ప్రభాష్ జోషి వచ్చి చూసి రాశారు. సంస్థ కార్యకర్త సుశీల, నాలుగో తరగతి దాకా చదివిన మహిళ, పత్రికలవాళ్లకు చెప్పిన పోలిక దేశమంతా తిరిగింది: కొడుకును పది రూపాయలిచ్చి బజారుకు పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, ప్రభుత్వం నా పేరు మీద కోట్లు ఖర్చుపెడుతుంటే అడగొద్దా అని. "మా డబ్బు, మా లెక్క" అన్న నినాదం అక్కడినుంచే పైకొచ్చింది.

పోరాటానికి అందరికన్నా పదునైన వాదన ఇచ్చింది మాజీ ఐఏఎస్ అధికారి కాదు, ఆమె పక్కన కూర్చున్న గ్రామీణ మహిళ. నాయకత్వం అనే మాటను ఒక వ్యక్తికి అంటగట్టే అలవాటు మన పత్రికలకూ ఉంది, విశ్వవిద్యాలయాలకూ ఉంది. 2000లో అరుణా రాయ్‌కి వచ్చిన మెగసెసే పురస్కారం సామాజిక నాయకత్వ విభాగంలో వచ్చింది. పురస్కారాలు ఒక పేరు మీదే ఇస్తారు. ఆమె తన రచనల్లో మాత్రం పదేపదే సామూహిక నాయకత్వమనే చెబుతూ వచ్చారు. 2018లో వచ్చిన సమాచార హక్కు చరిత్ర పుస్తకం మీద రచయితగా ఆమె పేరుతో పాటు ఎంకేఎస్‌ఎస్ సమష్టి పేరూ ఉంది.

1997లో జైపూర్‌లో జరిగిన ధర్నా 53 రోజులు సాగింది. దాని ముగింపు పరిపాలన చరిత్రలో గుర్తుంచుకోవాల్సినది. ఆ ధర్నా చివర ఉపముఖ్యమంత్రి ఒక సంగతి బయటపెట్టారు: పంచాయతీ కాగితాల నకళ్లిచ్చే నియమం ఆరు నెలల కిందటే, 1996 డిసెంబరు ఆఖరున రాజపత్రంలో వచ్చేసింది! ఎండలో కూర్చున్నవాళ్లు అడుగుతున్నది అప్పటికే చట్టంలో ఉంది. ఎవరికీ చెప్పలేదు, అంతే. సమాచారం ఇవ్వాలనే నియమాన్నే సమాచారంగా ఇవ్వని ప్రభుత్వం అది.

ఆ నియమంతో 1998 జనవరిలో కుకర్‌ఖేడా, రావత్‌మాల్, సూరజ్‌పురాల్లో సభలు జరిగాయి. కుకర్‌ఖేడా సర్పంచు లక్ష రూపాయలు తిరిగి కట్టడానికి ఒప్పుకున్నారు. 2001 ఏప్రిల్ 3న జనావద్ పంచాయతీ సభలో సుమారు 1.25 కోట్ల పనుల్లో 70 లక్షల దాకా మాయమైనట్టు తేలింది. ప్రభుత్వం వేసిన విచారణ కమిటీ కూడా అక్రమాలను నిర్ధారించింది. ఆ కాగితాలు చేతికి రావడానికే సంస్థ ఏడాదికి పైగా తిరగాల్సి వచ్చింది. సభ ఒక్క రోజు. దానికి ముందు నెలల తరబడి తిరుగుడు, తర్వాత నెలల తరబడి కేసు, కలెక్టరాఫీసు, బెదిరింపులు, సాక్షులు మాట మార్చకుండా చూసుకోవడం. ఫొటోల్లో కనబడేది షామియానా. పని మాత్రం ఆ షామియానాకు రెండు వైపులా ఉంది. ఈ వ్యాసంలో నేను పట్టుకున్న దారం ఇదే.

ఎవరి వల్ల వచ్చింది చట్టం?

2005 మే నెలలో పార్లమెంటు సమాచార హక్కు చట్టాన్ని ఆమోదించింది, అక్టోబరు 12 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ఘనత ఎంకేఎస్‌ఎస్‌దే అని రాయడం సులువు. ఆధారాలు దానికి ఒప్పుకోవు. 1975లో రాజ్ నారాయణ్ కేసులోనూ, 1981లో ఎస్.పి. గుప్తా కేసులోనూ సుప్రీంకోర్టు ప్రజలకు తెలుసుకునే హక్కుందని చెప్పింది. రాజస్థాన్ కన్నా మూడేళ్ల ముందే, 1997లో, తమిళనాడు, గోవా చట్టాలు చేసుకున్నాయి. అక్కడ కోట్ కిరానాలు లేవు. సమాచార హక్కు కోసం 1996లో ఏర్పడిన జాతీయ ప్రచార వేదికలో పాత్రికేయులు, న్యాయవాదులు, మాజీ అధికారులు ఉన్నారు. ముసాయిదా మీద జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షతన ప్రెస్ కౌన్సిల్ పనిచేసింది.

ప్రశాంత్ శర్మ 2015లో వచ్చిన తన గ్రంథంలో ఈ విషయాన్ని నిక్కచ్చిగా పరిశీలించారు. చట్టం పూర్తిగా అట్టడుగునుంచి పుట్టిందన్న కథనం అసంపూర్ణమని ఆయన వాదన. ముఖ్య నాయకుల సామాజిక నేపథ్యం, ప్రభుత్వంలో వాళ్లకున్న పరిచయాలు, అప్పటి అంతర్జాతీయ వాతావరణం కూడా పనిచేశాయంటారు. హిమాంశు ఝా 2020లో ఇంకో వైపునుంచి వచ్చారు: ప్రభుత్వం లోపలే దశాబ్దాలుగా మెల్లగా పేరుకున్న ఆలోచనల ఫలితమిదని. రెండు వాదనల్లోనూ బలముంది. 2004లో ఏర్పడిన జాతీయ సలహా మండలిలో అరుణా రాయ్ సభ్యురాలు. ఆ స్థానం ధర్నాలో కూర్చున్న కూలీకి దక్కేది కాదు.

అయినా ఈ పరిశోధకులు తీసేయలేని భాగం ఒకటి మిగులుతుంది. 2002లో అంతకుముందు ప్రభుత్వం చేసిన సమాచార స్వేచ్ఛ చట్టం పార్లమెంటు ఆమోదం పొంది కూడా అమల్లోకి రానేలేదు. న్యాయస్థానాల తీర్పులున్నాయి, అధికారుల ఆలోచనలున్నాయి, అంతర్జాతీయ వాతావరణముంది. అన్నీ ఉన్నా కాగితం కాగితంగానే ఉండిపోయింది. 2005 చట్టం అలా ఉండిపోకపోవడానికి, దాన్ని వాడటానికి సిద్ధంగా ఉన్న జనం ఒక కారణమని నా అభిప్రాయం. నిరూపణ అనను. 2005కు ముందు సొంత చట్టం చేసుకున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లేదని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. కింది సంగతులకు అది అవసరం.

బండ్లపల్లి నుంచి

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీని గ్రామసభ చేతిలో పెట్టింది. కోట్ కిరానా పద్ధతి చట్టంలో చేరిందన్న మాట. అదే ఏడాది ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని డూంగర్‌పూర్ జిల్లాలో పెద్ద పాదయాత్రగా తనిఖీ జరిగింది. ఎంకేఎస్‌ఎస్ సాయంతో మన రాష్ట్రంలోనూ శిక్షణలు మొదలయ్యాయి, అనంతపురంలో భారీ తనిఖీ జరిగింది. 2009లో ప్రభుత్వం ఈ పనికోసం విడిగా ఒక సొసైటీని ఏర్పాటు చేసింది. దానికి డైరెక్టరుగా వచ్చిన సౌమ్య కిడాంబి అంతకుముందు ఎంకేఎస్‌ఎస్‌లో పనిచేసినవారే. ఉపాధి హామీ ఖర్చులో 0.5 శాతం తనిఖీలకు కేటాయించారు.

ఇది దేశంలో మరెక్కడా ఆ స్థాయిలో జరగలేదు. కూలీల కుటుంబాల్లో చదువుకున్న యువతకు తర్ఫీదిచ్చి గ్రామ సామాజిక తనిఖీదారులుగా తీసుకున్నారు. వాళ్లు ఊళ్లో బస చేసి, ఇంటింటికీ మస్టరు పట్టుకెళ్లి, జాబ్ కార్డు, పాసుపుస్తకం సరిచూసి, పని జరిగిన చోటికి పోయి కొలతలు తీశారు. గ్రామసభలో చదివారు. చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక: ఒకవైపు ఎంపీడీవో, ఏపీవో, ఫీల్డ్ అసిస్టెంట్లు, టెక్నికల్ అసిస్టెంట్లు, మరోవైపు కూలీలు. ఆ వేదికల్లో దళిత మహిళలు మైకు పట్టుకుని ఫీల్డ్ అసిస్టెంటును పేరు పెట్టి నిలదీయడం మన పల్లె రాజకీయాల్లో చిన్న మార్పు కాదు. యామిని అయ్యర్, సలీమా సంజీ మూడు జిల్లాల్లో కూలీలతో చేసిన అధ్యయనం, తనిఖీ తర్వాత పథకం గురించి అవగాహన బాగా పెరిగిందనీ, కొన్ని నెలల తర్వాత కూడా అది నిలిచిందనీ చూపింది.

అసలు పరీక్ష ఆ తర్వాతిది. ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ 2006 నుంచి 2010 దాకా మన రాష్ట్రంలో అధికారికంగా వెలువడిన తనిఖీ నివేదికలనే వరుసగా పేర్చి, ఒకే పంచాయతీలో ఒక తనిఖీ తర్వాత మరో తనిఖీ నాటికి ఏం మారిందో చూశారు. వాళ్లకు కనబడింది నాలుగు ముక్కల్లో: పని కల్పన కొద్దిగా పెరిగినట్టుంది గాని గణాంకపరంగా నమ్మదగినంత కాదు. కూలి డబ్బుకు సంబంధించిన ఒక్కో అక్రమంలో పోయే మొత్తం ఓ మోస్తరుగా తగ్గింది. దాని బదులు సామగ్రి బిల్లుల్లో, అంటే పట్టుకోవడం కష్టమైన చోట, అక్రమాలు పెరిగాయి. తనిఖీలో అనుభవం పెరిగేకొద్దీ కూలీలు తప్పులను ఎక్కువగా పట్టుకోగలిగారు. అయినా మొత్తం మీద తనిఖీ అక్రమార్కులను ఆపలేకపోయింది.

కారణం కూడా వాళ్ల కాగితంలోనే ఉంది. 2013 ఫిబ్రవరి నాటి ప్రభుత్వ రికార్డుల ప్రకారం, బాధ్యులెవరో తేలిన అక్రమాల్లో ఉద్యోగం పోవడం దాకా గాని, క్రిమినల్ చర్య దాకా గాని వెళ్లినవి ఒక శాతం లోపే. పోయిన డబ్బులో 87 శాతం వసూలు కాలేదు. 2012లో సామాజిక తనిఖీకి, అవినీతి పద్ధతుల నివారణకు రాష్ట్రం ప్రత్యేక చట్టమే చేసింది. ఈ లెక్క ఆ చట్టం వచ్చాకే తీసినది.

ఈ సంఖ్యను చదివే పద్ధతి జాగ్రత్తగా ఉండాలి. తనిఖీ దండగని కొందరు దీన్నే ఎత్తిచూపుతారు. అది తప్పు. తనిఖీ లేకపోతే ఆ డబ్బు పోయిందన్న సంగతే తేలేది కాదు, ఆ 87 శాతమనే అంకె కూడా ఉండేది కాదు. పట్టుకోవడం పెరిగితే నమోదయ్యే అక్రమాలు పెరుగుతాయి, జరిగే అక్రమాలు పెరిగాయని దాని అర్థం కాదు. అధ్యయన కర్తలు కూడా ఈ తేడాను గుర్తుంచుకునే రాశారు. మస్టర్లో దొంగ పేరును కూలీ పట్టుకోగలడు. ఎన్ని ట్రాక్టర్ల మొరం పోశారన్నది, చెరువు కట్టకు రాయి ఎంత పడిందన్నది కొలత పుస్తకం చదవగలిగినవాడే పట్టుకోవాలి. అవినీతి ఆ రెండో వైపుకు జరిగిందంటే, మొదటి వైపు కాపలా గట్టిగా ఉందనే కదా?

పద్ధతి వచ్చింది, ఏది రాలేదు?

రాజస్థాన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది పక్కపక్కన పెడితే ఒక విచిత్రం కనబడుతుంది. ఉద్యమం పుట్టిన రాజస్థాన్‌లో ప్రభుత్వం తనిఖీని నడవనివ్వలేదు. 2009 అక్టోబరులో భీల్వాడా జిల్లాలో పెద్ద తనిఖీ జరిగాక సర్పంచులు ఆందోళనకు దిగారు, వ్యవహారం కోర్టుకెక్కింది, మిగతా జిల్లాల్లో ప్రయత్నం ఆగిపోయింది. అటువంటి ఉద్యమం లేని ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే తనిఖీని నెత్తికెత్తుకుంది, ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా నడిపింది. బలమైన సంఘమున్నచోట వ్యతిరేకత సంఘటితమైంది. సంఘం లేనిచోట తనిఖీకి దారి సులువైంది, కానీ తనిఖీ బృందం జీపెక్కి వెళ్లిపోయాక ఫిర్యాదు వెంట తిరిగేవాళ్లు లేకపోయారు.

నా వాదన ఈ ఒక్క చోట ఉంది. ఎంకేఎస్‌ఎస్ నాయకుల పనిలో రెండు భాగాలున్నాయి. ఒకటి పద్ధతి: కాగితం సంపాదించడం, ఇంటింటికీ సరిచూడటం, సభలో చదవడం. దీన్ని రాసుకోవచ్చు, నేర్పవచ్చు, ప్రభుత్వ ఉత్తర్వులో పెట్టవచ్చు. మన రాష్ట్రం అది నిజాయితీగా చేసి చూపింది. రెండోది, సభ ముగిశాక అదే ఊళ్లో, అదే కూలికి, అదే మనుషుల మధ్య బతుకుతూ కేసు తేలేదాకా వెంట తిరగడం. దీనికి ఉత్తర్వు రాయలేరు. మండలం తర్వాత మండలం తిరగాల్సిన ప్రభుత్వ సొసైటీ ఒక్క పంచాయతీలో ఏడాది పాటు కూర్చోలేదు. చర్య తీసుకోవాల్సిన అధికారి, తనిఖీకి డబ్బిచ్చే అధికారి ఒకే ప్రభుత్వంలో ఉన్నప్పుడు దాని మాటకు హద్దు తప్పదు.

దీనికి వ్యతిరేకంగా చెప్పదగిన మాటలున్నాయి, అవి బలమైనవే. మొదటిది, రెండు చోట్లా మన దగ్గరున్న ఆధారం ఒకే రకం కాదు. ఆంధ్రప్రదేశ్ గురించి అధికారిక నివేదికల వరుస ఉంది, విజయాలతో పాటు వైఫల్యాలూ అందులో నమోదయ్యాయి. ఎంకేఎస్‌ఎస్ గురించి ఉన్నది ఎక్కువగా సంస్థ సొంత రచన, దాన్ని ఇష్టపడిన పాత్రికేయుల రచన. కుకర్‌ఖేడాలో లక్ష తిరిగొచ్చిందని మనకు తెలుసు, ఎందుకంటే అది చెప్పుకోదగిన కథ. తిరిగిరాని చోట్ల కథలు అంతగా రాయరు. రెండోది పరిమాణం. కొన్ని పదుల పంచాయతీల్లో జరిగినదాన్ని వేల పంచాయతీలతో పోల్చి ఒకటి మెరుగంటే అన్యాయం. మూడోది, వసూలు కాకపోవడానికి నాయకత్వ లోపం కన్నా సర్వీసు నిబంధనలు, కోర్టుల ఆలస్యం, రాజకీయ ఒత్తిడి పెద్ద కారణాలు కావచ్చు. జనావద్ లాంటి చోట్ల కూడా ఆ కేసులేమీ పరుగెత్తలేదు. కాబట్టి స్థానిక సంఘం ఉండటం వల్ల డబ్బు వసూలవుతుందని నేను అనడం లేదు. అలా కావచ్చని, పరీక్షించి చూడాలని మాత్రమే.

తెలుగు నేల మీదే ఇంకో పోలిక ఉంది. 1996లో, బ్యావర్ ధర్నా జరిగిన ఏడాదే, జయప్రకాశ్ నారాయణ్ ఐఏఎస్ వదిలి లోక్‌సత్తాను స్థాపించారు. ఎన్నికల్లో నేరచరితుల గురించీ, పౌర సేవల గురించీ, స్థానిక ప్రభుత్వాల గురించీ అది లేవనెత్తిన ప్రశ్నలు చదువుకున్న మధ్యతరగతిని కదిలించాయి. 2006 అక్టోబరు 2న అది పార్టీగా మారింది. 2009 శాసనసభ ఎన్నికల్లో దక్కింది కూకట్‌పల్లి ఒక్కటే, అదీ నాయకుడి స్థానమే. ఎంకేఎస్‌ఎస్ పార్టీ కాలేదు. దాని సభ్యులు కొందరు పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డారు, కొందరు గెలిచారు, అంతవరకే. అరుణ, జయప్రకాశ్ ఇద్దరూ మాజీ ఐఏఎస్‌లే కాబట్టి ఈ పోలిక ఆకర్షిస్తుంది గాని, దీన్ని ఎక్కువ దూరం లాగకూడదు. ఒకటి నగరంలో పాలనా సంస్కరణ గురించి మాట్లాడింది, మరొకటి కరువు పనిలో కూలి గురించి. అయితే ఒక్క తేడా గమనించదగినది. లోక్‌సత్తా గురించి అడిగితే ప్రజలకు ఒకే పేరు గుర్తొస్తుంది. ఎంకేఎస్‌ఎస్ గురించి అడిగితే రాజస్థాన్‌లో భీమ్ చుట్టుపక్కల లాల్ సింగ్, శంకర్, సుశీల లాంటి కార్యకర్తల పేర్లు వినబడతాయి. వీటిలో ఏది ఎక్కువ కాలం నిలుస్తుందన్నది ఈ ఒక్క జంటను చూసి తేల్చే విషయం కాదు.

నాయకులు అధికారానికి దగ్గరైనప్పుడు ఏం జరిగిందన్నదానికి మాత్రం ఒక స్పష్టమైన సందర్భముంది. 2013 మే నెలలో జాతీయ సలహా మండలిలో పదవీకాలం ముగిసినప్పుడు అరుణా రాయ్ మళ్లీ కొనసాగడానికి ఒప్పుకోలేదు. ఉపాధి హామీ కూలీలకు చట్టబద్ధమైన కనీస వేతనం ఇవ్వాలన్న మండలి సిఫారసును ప్రధాని తిరస్కరించడం ఆమె చెప్పిన కారణాల్లో ఒకటి. దాడీ రపట్‌లో ఏ గొడవతో మొదలైందో, పాతికేళ్ల తర్వాత ఢిల్లీలోనూ అదే గొడవ మీద బయటికొచ్చారు. లోపల కూర్చుంటే అన్నీ సాధ్యమని నమ్మేవాళ్లు ఈ ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచించాలి. సమాచార హక్కు, ఉపాధి హామీ చట్టాల కోసం పనిచేసిన నాయకురాలికి కూడా కనీస వేతనం సాధ్యం కాలేదు.

ఆ తర్వాత పనిలోనూ ఇదే తీరు. 2015 చివర్లో మొదలై వంద రోజులు, రాజస్థాన్‌లోని అన్ని జిల్లాల మీదుగా జవాబుదారీ యాత్ర నడిచింది. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి గడువులోగా జవాబివ్వకపోతే అధికారికి జరిమానా పడే చట్టం కావాలన్నది డిమాండు. అంటే 87 శాతం సమస్యే, మరో పేరుతో. 2019లో రాష్ట్రం జన సూచనా పోర్టల్ తెచ్చింది, రేషన్ నుంచి ఉపాధి దాకా వివరాలు ఎవరూ అడగకుండానే కనబడతాయి. 2023లో యాప్‌ల మీద పనిచేసే గిగ్ కార్మికులకు చట్టం చేసింది. సమాచారం పెట్టడం దాకా ప్రభుత్వం వచ్చింది. ఎన్నికల హామీల్లో చేరినా, జవాబుదారీ చట్టం దగ్గర మాత్రం వరుసగా వచ్చిన ప్రభుత్వాలు ఆగిపోయాయి. కేంద్రంలో దారి వెనక్కి కూడా మళ్లింది. 2019 సవరణ సమాచార కమిషనర్ల పదవీకాలం, జీతాల నిర్ణయాన్ని కేంద్రం చేతిలో పెట్టింది. 2023 డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించే వీలు పెంచింది. మస్టర్లో పేరు వ్యక్తిగత సమాచారమే అనే అధికారి రేపు ఎదురైతే కోట్ కిరానాలో చదివినది చదవడం కష్టమవుతుంది.

నా ఊహను పరీక్షించడానికి కావాల్సిన ముడిసరుకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే ఉంది. మండలాలవారీ తనిఖీ నివేదికలు, ప్రజావేదిక నిర్ణయాలు, వసూలు వివరాలు ప్రభుత్వం దగ్గర ఏళ్ల తరబడి పోగయ్యాయి. వ్యవసాయ కార్మిక సంఘాలు గట్టిగా పనిచేసే మండలాలు ఉన్నాయి, అసలు సంఘమే లేని మండలాలూ ఉన్నాయి. ఒకే ఏడాది, ఒకే రకం అక్రమం, ఒకే స్థాయి ఉద్యోగి మీద తేలిన కేసులను ఈ రెండు రకాల మండలాల్లో తీసుకుని, ప్రజావేదిక తర్వాత రెండేళ్లలో ఎంత వసూలైందో, ఎవరి మీద చర్య పడిందో చూడాలి. ఉపాధి హామీ కూలీల శ్రమశక్తి సంఘాలు కాగితం మీదే ఉన్నచోటును, నిజంగా సమావేశమయ్యే చోటును వేరుగా లెక్కపెట్టాలి. తేడా కనబడకపోతే పై వాదన వదులుకోవాల్సిందే. కనబడితే, తనిఖీకి కేటాయించిన 0.5 శాతంలో కొంత భాగాన్ని తనిఖీ బృందం వెళ్లిపోయాక ఊళ్లో ఉండి కేసు వెంట తిరిగే కూలీ సంఘానికి చట్టబద్ధంగా ఎలా చేర్చాలన్నది తర్వాతి ప్రశ్న.